నీలిరంగు పూసిన కుక్కలన్నీ టీకా వేసినవి కావు

ఇప్పుడు మీరు చదవబోయేది ఒక మహాగాథ. ఇందులో సముద్రం ఉంది, నది వచ్చి దానిలో కలిసే చోటు ఉంది, ద్వీపాంతర శిక్ష ఉంది, ఊరంతా కలిసి చేసిన కుట్ర ఉంది, నెత్తురు కూడా ఉంది.

అలా మొదలుపెడితే జనం చదువుతారని ఒక మిత్రుడు చెప్పాడు. నిజానికి ఇది కుక్కల టీకాల కథ. సముద్రం, నది వాటి మానాన అవి ఉన్నాయి, మా పనిలో కల్పించుకోలేదు. ద్వీపం అన్నది వంశధార సముద్రంలో కలిసే మొగలో తేలిన ఇసకదిబ్బ. నెత్తురు నాదే. అదైనా కుక్క కరిచి వచ్చింది కాదు, టీకాల ఐసుపెట్టె మూత గీసుకుని వచ్చింది.

కళింగపట్నం దగ్గర్లో ఒక పశువుల ఆస్పత్రిలో కొన్నేళ్ళు సహాయకుడిగా చేసి, ముప్పై నిండకుండానే ఉద్యోగ విరమణ చేశాను. విరమణ అంటే దండలు, శాలువా, కన్నీళ్ళు ఊహించుకోకండి. రాజీనామా కాగితం ఇచ్చాను, "సరే" అన్నారు. ఇప్పుడు మా మావయ్యతో కలిసి జీడిపిక్కల వ్యాపారం చేస్తున్నాను. జీడిపిక్క చేతులు కాలుస్తుందేగాని వెంటపడి కరవదు. ఈ మధ్య అదే ఉద్యోగంలో చేరిన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ కొందరు "అన్నా, నీ అనుభవం చెప్పు" అని అడుగుతున్నారు. చెబుతాను. మనుషుల పేర్లు మాత్రం రాయను, వాళ్ళతో మళ్ళీ అదే బస్సులో తిరగాలి. కుక్క పేరు రాస్తాను. అది చదవదు.

ముందుగా ఒక చేదు నిజం. జబ్బు చేసిన జంతువును బతికిస్తే మీకు చేపలు పంపుతారు, కొబ్బరికాయలు ఇస్తారు, దేవుడంటారు. జబ్బే రాకుండా చేస్తే "ఏమీ రాలేదు కదా, ఊరికే పొడిచారు" అంటారు. శ్రీకాకుళంలో ఒకాయన తన కుక్క పుట్టినరోజుకి కేకు కోయించి, వీధి వీధంతా పంచిపెట్టాడు. దాని టీకా సంగతి అడిగితే, "అది ఇంట్లోనే ఉంటుందండీ, దానికెందుకు?" అన్నాడు. ఆ మాట అంటుండగా కుక్క గేటు దూకి రోడ్డు మీద ఉంది. ముందుజాగ్రత్త అనే వృత్తిలో చేరితే మీరు జీవితాంతం ఇలాంటి గేట్ల ముందే నిలబడాలి. ఓపిక లేనివాళ్ళు ఇప్పుడే జీడిపిక్కల వైపు రండి, మావయ్యతో మాట్లాడతాను.

ఇక అసలు విషయం. మా ఆస్పత్రి పరిధిలో సముద్రం ఒడ్డున ఒక మత్స్యకారుల పేట ఉండేది. అక్కడ ప్రతి ఇంటికీ ఒక కుక్క ఉంటుంది, కానీ "మీదేనా?" అని అడిగితే ఎవరూ ఒప్పుకోరు. "ఇక్కడే తింటాది" అంటారు, అంతే. ఒకరోజు ఎక్కణ్ణించో పిచ్చికుక్క ఒకటి వచ్చి, వలలు బాగుచేసుకుంటున్న ఒక కుర్రాణ్ణి పిక్క మీద కరిచి, మెయిన్‌రోడ్డు మీదికి పరిగెత్తి లారీ కింద పడింది. పేట కుక్కలు దాని దగ్గరికి కూడా వెళ్ళలేదు, దూరం నుంచే మొరిగాయి. కుర్రాడు ఆస్పత్రికి వెళ్ళి సూదులన్నీ క్రమం తప్పకుండా వేయించుకున్నాడు. ఇప్పుడు క్షేమం. పెళ్ళిచూపుల్లో కూడా ఆ మచ్చ చూపించాడని విన్నాను.

కానీ పేట హడలిపోయింది. పేటపెద్ద నాలుగు పడవల ఆసామి, మాట అంటే వెనక్కి తీసుకోని మనిషి. అందరినీ తన పడవల షెడ్డులో కూర్చోబెట్టి తీర్పు చెప్పేశాడు. మా డాక్టరు మేడమ్, అటెండరుగారు, నేను వెళ్ళేసరికి ఆ తీర్పు అయిపోయింది కూడా.

"సూడండి డాకటరమ్మా," అన్నాడు, "మా పిల్లగుంటలు ఇసకలోనే ఆడతారు, ఇసకలోనే తొంగుంటారు. సూది ఏసిన కుక్క ఉంటాది. ఏయని కుక్క పడవెక్కుతాది. ఆదివారం ప్రార్దన అవగానే అవతల దిబ్బ మీద దింపీడమే."

"అది నేరం. దిబ్బ మీద తిండీ నీళ్ళూ ఉండవు. చచ్చిపోతాయి," అన్నారు మేడమ్.

"సట్టం వొచ్చి మా గుంటలకి కాపలా కాస్తాదేటి?"

మేడమ్ టీకాల రిజిస్టరు తెరిచారు. ఆవిడ బొబ్బిలి మనిషి. మామూలుగా పాఠ్యపుస్తకంలాంటి తెలుగు మాట్లాడతారు, కోపం వస్తే మాత్రం బొబ్బిలి బయటికొస్తుంది. ఆ రోజు పాఠ్యపుస్తకమే నడిచింది. "సరే, ఆదివారం లోపల అన్నిటికీ వేసేస్తాం," అన్నారు.

చెప్పడం తేలిక. మొదటిరోజు శిబిరం చర్చి ముందు పెట్టాం. చిక్కు మొదట్లోనే వచ్చింది. టీకా వేసిన కుక్కలకి కట్టడానికి తెచ్చిన మెడపట్టీలు చాలలేదు. గుర్తు లేకపోతే వేసిందేదో వేయనిదేదో పేటపెద్దకి తెలియదు. అప్పుడు మా అటెండరుగారి బుర్ర వెలిగింది. ఆయన బుర్ర వెలిగిన ప్రతిసారీ మాకు ఏదో ఒకటి కాలేది.

"పట్టీలు నేకపోతే ఏటండి, రంగు నేదా? పడవలకేసే నీలం ఉన్నాది గదా పెద్దబాబు షెడ్డులో. ఎన్ను మీద ఒక గీత గీసీదాం. దూరాన్నించి కూడా అవుపిస్తాది."

మేడమ్ వెంట్రుకల కొసలకే తగిలేలా, చర్మానికి అంటకుండా, చిన్న గీత మాత్రమే అని షరతు పెట్టారు. పేటపెద్ద డబ్బా ఇచ్చాడు. పని మొదలైంది.

కుక్కల్ని పట్టడానికి పేట కుర్రాళ్ళు విసురువలలు తెచ్చారు. సముద్రంలో ఏ చేప ఎటు తిరుగుతుందో చెప్పగల కుర్రాళ్ళు వాళ్ళు. కానీ చేపకి కాళ్ళు ఉండవు, కుక్కకి ఉంటాయి. వలలో మొదట చిక్కింది మా అటెండరుగారు. రెండోసారి కూడా ఆయనే. సాయంత్రమయ్యేసరికి బుద్ధిమంతులైన కుక్కలకి, ముసలివాటికి, కుంటివాటికి టీకాలు పడ్డాయి. మిగిలినవి సరివితోటల్లోకి పోయి మా వైపు చూస్తూ కూర్చున్నాయి.

అలా మిగిలిన వాటిలో తాసిల్దారు ఒకటి. ఇది ఎండుచేపలమ్మే మామ్మ ఇంట్లో తినే కుక్క. ఎప్పుడో ఒకసారి వస్తుంది, పెట్టింది తింటుంది, ఎవరి మాటా వినకుండా వెళ్ళిపోతుంది కాబట్టి ఆ పేరు పెట్టానని మామ్మ చెప్పింది. కానీ తెల్లారగట్ల ఆవిడ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఒడ్డు వెంట నడుస్తుంటే ఆవిడకి ముందు నడిచేది అదే. ఆవిడకి చూపు సరిగా ఆనదు. అది ఆగితే ఆవిడ ఆగుతుంది, అది పక్కకి తిరిగితే తిరుగుతుంది. ఈ సంగతి ఆవిడ చెప్పలేదు. పేటలో అందరికీ తెలుసు, అంతే.

"రేపు పట్టీసుకొస్తాను తల్లీ," అంది మామ్మ మేడమ్‌తో. "నన్ను సూస్తే అదే వొస్తాది."

"రేపు వేరే ఊళ్ళో పనుంది. ఎల్లుండి వస్తాం. ఆదివారానికి ముందు అదే ఆఖరు, మామ్మా."

"సర్లే, సూస్తాను గదా."

ఎల్లుండి వెళ్ళాం. బండి దిగగానే నేను చూసిన దృశ్యం మీకు వర్ణించి చెప్పాలని ఉంది కానీ, ఒక్క మాట చాలు. నీలం.

పేటలో ఉన్న ప్రతి కుక్క వెన్ను మీదా నీలిరంగు ఉంది. సరివితోటలోంచి మా వైపు చూసి నవ్విన కుక్కల మీదా ఉంది. మొన్న వాటికి మేము పది గజాల దూరంలోకి కూడా వెళ్ళలేదు. పైగా మేము గీసింది చిన్న గీత. వీటి మీద ఒక్కొక్కరి చేతివాటం ఒక్కోలా ఉంది. కొన్నిటికి పడవ పక్కన వేసే అలలు వేశారు. ఒకదానికి చేప బొమ్మ, కన్నుతో సహా. రెండు మేకలకీ ఒక పిల్లికీ కూడా పూశారు. పిల్లికి ఎందుకని అడిగితే, "ఏమో, దాన్నీ పడవెక్కిస్తారేటో అని" అన్నారు.

అటెండరుగారు సంతృప్తిగా చుట్టూ చూసి, "మరేటండి, అన్నీ అయిపోయినట్టే గదా," అన్నారు.

మేడమ్ ఒక్క మాటే అన్నారు. "ఏటిది?"

బొబ్బిలి బయటికొచ్చింది. నేనూ అటెండరుగారూ చెరో వైపు జరిగాం.

"ఒరే," అన్నారు నావైపు తిరిగి, "ఇందులో ఏది ఏసింది, ఏది ఏయంది? సెప్పు సూద్దాం."

చెప్పడానికి ఏముంది? మొన్న వేసినవి కొన్ని గుర్తున్నాయి. మిగిలినవన్నీ ఒకే రంగు, ఒకే తోక, ఒకే నిర్లక్ష్యం.

ఇంతలో పేటపెద్ద వచ్చాడు. కుక్కల్ని ఇటు నుంచి అటు చూశాడు. "అన్నిటికీ అయిపోనాదన్నమాట. మంచిదే. పడవతో పనిలేదు," అన్నాడు. ఆ మాటకి పేట పేటంతా ఒక్కసారిగా గాలి వదలడం వినిపించింది.

మేడమ్ మా ఇద్దర్నీ చర్చి గోడ వెనక్కి తీసుకెళ్ళారు. తమ్ముళ్ళూ, మీ ఉద్యోగంలో ఇలాంటి రోజు ఒకటి వస్తుంది కాబట్టి జాగ్రత్తగా వినండి. రంగు దొంగ రంగు అని చెప్పేస్తే పెద్దాయన మాట తప్పడు, కుక్కలు దిబ్బకి వెళతాయి. చెప్పకపోతే టీకా లేని కుక్కలు టీకా ఉన్నట్టు పిల్లల మధ్య పడుకుంటాయి. రేపు ఇంకో పిచ్చికుక్క వస్తే నీలిరంగు చూసి అది భయపడదు. కుక్కలు బతకాలి, పిల్లలూ బతకాలి. ఈ రెండూ ఒక్క రోజులో జరగాలి.

"ఇంకో రంగు ఏద్దామండి," అన్నారు అటెండరుగారు.

"ఆ రంగు డబ్బా కూడా వాళ్ళ షెడ్డులోనే ఉంటాదండి," అన్నాను.

మేడమ్ మా ఇద్దరినీ చూసి ఉస్సురన్నారు. "అన్నిటికీ మళ్ళీ వేద్దాం. మొన్న వేసిన కుక్కకి ఇవాళ మళ్ళీ వేయమని ఏ పుస్తకంలోనూ లేదు. కానీ వేస్తే దానికేమీ కాదు. వేయని కుక్కకి మాత్రం ఇదే మొదటిది అవుతుంది. రెండో సూది అని చెప్పండి."

నన్ను రోడ్డు మీదికి పంపారు. శ్రీకాకుళం నుంచి వచ్చే బస్సులో మరికొన్ని టీకా సీసాలు ఐసుపెట్టెలో పెట్టి పంపించమని ఫోను చేశారు. నేను పెట్టె దింపుకుంటూ వేలు కోసుకున్నది అప్పుడే. మహాగాథలోని రక్తపాతం ఇక్కడితో సమాప్తం.

చర్చి మైకులో సంఘపెద్ద ప్రకటించాడు. "సోదరీ సోదరులారా, కుక్కలకి రెండో సూది ఉన్నాదంట. రంగున్నా నేకపోయినా, అన్నిటినీ తీసుకురావాల. పిల్లుల్ని తేవొద్దు."

తేవాలంటే పట్టాలి కదా. ఈసారి వలలు విసరలేదు. మేడమ్ ఎండుచేపల కళ్ళం చూపించారు. ఇసకలో చేపలు ఆరబోసే చోటు అది, చుట్టూ పాత వలలు కట్టి ఉంటాయి. ఆడవాళ్ళు పొద్దస్తమానం కర్ర పట్టుకుని అక్కడే కూర్చుని కుక్కల్ని తోలుతుంటారు. "ఇవాళ తోలకండి. రానివ్వండి. లోపలికి వచ్చాక దారి మూసేద్దాం. ఒక్కొక్కటిగా బయటికి వదిలేటప్పుడు వేసేస్తాం," అన్నారు.

ఆడవాళ్ళు కర్రలు కింద పెట్టారు. చేపల దగ్గర్నించి లేచి పక్కన నిలబడ్డారు. "రా, రా," అని పిలిచారు కూడా. ఒక్క కుక్కా రాలేదు. కళ్ళం బయట వరసగా నిలబడి అనుమానంగా చూశాయి. పుట్టిన దగ్గర్నించీ ఆ చోట తిట్లు, దెబ్బలు తప్ప ఎరగని జీవాలు. ఒక్కసారిగా ఇంత మర్యాద చేస్తే ఎవరికైనా భయం వేస్తుంది. నాకు కూడా ఆఫీసులో పైవాళ్ళు కాఫీ ఇస్తే అలాగే ఉండేది.

ఎండలో నిలబడి మేడమ్ సహనం అయిపోతున్నది. అప్పుడు మామ్మ విసుక్కుంది. "అలగ ముద్దుగా పిలిస్తే ఎలగొస్తాయే? తిట్టండి."

"తిడితే పారిపోవా మామ్మా?" అన్నాను.

"నీకేటి తెలుసు బాబూ? రోజూ తిట్టీసి, కునుకు తీస్తాం. అప్పుడే గదా ఎత్తుకుపోతాయి. తిట్టు ఇనబడకపోతే ఇదేదో మాయని అనుకుంటాయి."

ఆవిడే మొదలుపెట్టింది. కర్ర తీసుకుని ఇసక మీద కొట్టి, "ఓసోసి నీ ఇల్లు బంగారంగానూ, పో! నీ మూతి కాల! ఎల్లెహె!" అంది. పక్కవాళ్ళు అందుకున్నారు. రెండు నిమిషాలు పేట దద్దరిల్లింది. తర్వాత అందరూ కొంగు మొహాన వేసుకుని కునుకు తీస్తున్నట్టు కూర్చున్నారు.

కుక్కల మొహాల్లో ప్రశాంతత వచ్చింది. లోకం మళ్ళీ దారిన పడింది. ఒకటి, దాని వెనక ఇంకొకటి, తర్వాత అన్నీ కళ్ళంలోకి వచ్చేశాయి. వలతో దారి మూశాం. పిల్లి కూడా వచ్చింది, దాన్ని అవతలికి విసిరాం.

మేడమ్ సూది పట్టుకుంటే చూడాలి. కుక్క తల తిప్పేలోపు అయిపోతుంది. నేను సీసాలు అందించడం, అటెండరుగారు మూతి పట్టుకోవడం. మధ్యాహ్నం దాటేసరికి కళ్ళం ఖాళీ అయింది. చేపలు కూడా ఖాళీ అయ్యాయి, అది ఎవరూ ముందుగా ఆలోచించలేదు.

"అన్నీ అయిపోయాయా?" అన్నారు మేడమ్ చెమట తుడుచుకుంటూ.

అయిపోలేదు. తాసిల్దారు రాలేదు. అది ఒడ్డున బోర్లించిన పడవ కింద దూరి పడుకుని ఉంది. మూడు నీలిగీతలతో. ముక్కు మాత్రమే బయటికి కనిపిస్తోంది.

"దానికి మొన్ననే అయిపోయిందనుకోండి. రెండోది పడకపోయినా పరవాలేదు," అన్నారు అటెండరుగారు, ఇంటికి వెళ్ళే తొందరలో. పేటపెద్ద పక్కనే ఉన్నాడు. ఆయన కూడా తల ఊపాడు. పెద్దాయన ముందు నిజం చెప్పలేక అందరం బండి వైపు తిరిగాం. అంతటితో అయిపోవలసిందే.

"ఆగు తల్లీ," అంది మామ్మ. ఆవిడ పేటపెద్ద వైపు చూడలేదు, మేడమ్ వైపే చూసింది. "మాదానికి మొదటి సూదే పడనేదు. రంగు నానే పూసినాను."

అటెండరుగారు ఆకాశం వైపు చూశారు. ఇదిగో ఇక్కడే ఉంది మా కథలోని పతాక సన్నివేశం. పేటపెద్ద ఇప్పుడు ఏమంటాడు? ఆదివారం పడవ కదులుతుందా? ఆవిడ ముందు నడిచే కుక్క దిబ్బ మీద ఒంటరిగా...

"తెలుసులే," అన్నాడు పేటపెద్ద.

పతాక సన్నివేశం అయిపోయింది.

"నా డబ్బా సగానికి దిగిపోనాది. గాలికి ఎగిరిపోనాదనుకుంటానేటి? మా ఇంటిదాని సీరకొంగుకి కూడా నీలం ఉన్నాది. మా కుక్కకి సేప బొమ్మ ఏసింది అదే."

"తెలిసి ఎందుకు ఊరుకున్నారు?" అన్నారు మేడమ్.

ఆయన కాసేపు ఇసకని కాలితో గీశాడు. "నలుగురిలో మాటనీసినాను గదమ్మా. ఎనక్కి ఎలగ తీసుకుంటాను? మా కుక్కని నానే పడవెక్కించాల. దాని మొకం సూసి ఎక్కించగలనేటి? రంగుంటే నాకూ సుకమే అనుకున్నాను."

మేడమ్ గొంతు పెరిగింది. "సుకమేటి మావా? రంగు సూసి పిచ్చి ఆగిపోతాదేటి? ఇసకలో మీ గుంటలే గదా తొంగుంటారు? ఊరంతా కలిసి నాకు రంగు సూపిస్తారా? ఎండలో నాను ఏటి సేస్తన్నాను, బొమ్మలకి సూదులేస్తన్నానా?"

ఆవిడ ఆయన్ని మావా అనడం అదే మొదలు, అదే చివర. నాలుగు పడవల ఆసామి తలొంచుకుని విన్నాడు. తర్వాత పంచె ఎగ్గట్టి, ఎవరికీ ఏమీ చెప్పకుండా, పడవ కిందికి పాక్కుంటూ వెళ్ళాడు. లోపల్నించి కొంత పెనుగులాట వినిపించింది, కొన్ని మాటలు కూడా వినిపించాయి, అవి అచ్చులో పెట్టలేను. మామ్మ పడవ పక్కన చతికిలబడి, "ఒరే, తాసిల్దారూ, ఊరుకో, మన పెద్దబాబే," అంటూ ఉంది. చివరికి ఇద్దరూ బయటికొచ్చారు. కుక్క ఆయన ఒళ్ళో ఉంది. ఇద్దరి ఒంటి మీదా ఇసక, నీలం. ఎవరు ఎవర్ని పట్టారో చెప్పడం కష్టంగా ఉంది.

మేడమ్ సూది వేశారు. తాసిల్దారు కుయ్ అని కూడా అనలేదు. దిగి, ఒళ్ళు దులుపుకుని, ఎవరికీ నమస్కారం పెట్టకుండా వెళ్ళిపోయింది. మామ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను కదిలిపోయి ఏదో అనబోతుంటే, "ఇసక పడ్డాది," అంది.

ఆదివారం ప్రార్థన అయింది. పడవలు వేటకి వెళ్ళాయి. ఆ ఏడాది పేటలో ఏ కుక్కకీ పిచ్చి పట్టలేదు, ఏ పిల్లాణ్ణీ కుక్క కరవలేదు. అంటే మా పని పూర్తిగా విజయవంతమైందని అర్థం. దాని ఫలితం మరుసటి ఏడాది మేము మళ్ళీ శిబిరం పెట్టినప్పుడు తెలిసింది.

"పోయినేడు ఏటీ రానేదుగదా," అన్నారు పేటలో. "మళ్ళీ ఏలండి?"

చర్చి ముందు నేను, మేడమ్, అటెండరుగారు, ఐసుపెట్టె చాలాసేపు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. చివరికి ఒడ్డు వైపు నుంచి ఒక కుక్క వచ్చింది. దాని వెనక వలతాడు పట్టుకుని మామ్మ. తాడు లాగుతున్నది కుక్కే.

"దీనికి ముందు ఏసీయండి. నాకు సేపలున్నాయి," అంది. వేశాం. ఆవిడ దాని వెన్ను తడిమి, మేడమ్ వైపు తిరిగి, ఏడాది నుంచి దాచుకున్న ప్రశ్న ఒకటి అడిగింది.

"పోయినేడు సూదేసిన కాడ సిన్న బుడిప కట్టినాది తల్లీ. రుద్దాలేటి, నూనె రాయాలేటి?"

రుద్దకూడదు, నూనె రాయకూడదు. మామూలుగా అదే తగ్గిపోతుంది. తగ్గకుండా పెరుగుతుంటే మాత్రం ఆస్పత్రికి తీసుకురావాలి, ఉదయం పూట వస్తే మంచిది.